అవతారిక దాటిన వస్తువు: కథలో సరకు ప్రక్షేపం – ఒక ఔచిత్య విచారణ

ప్రవేశిక

తెలుగులో 'వస్తువు' అనే పదానికి రెండు వ్యవహారాలున్నాయి. అంగడిలో వెల చెల్లించి తెచ్చుకొనేదీ వస్తువే, కావ్యంలో వర్ణితమయ్యేదీ వస్తువే. దశరూపకకర్త నాటకభేదాలకు హేతువులు చెబుతూ వస్తువు, నేత, రసం అని మూడింటిని పేర్కొన్నాడు. ధ్వనివాదులు వ్యంగ్యార్థంలో ఒక భేదానికి వస్తుధ్వని అని పేరు పెట్టారు. ఆధునిక విమర్శ 'వస్తువు–శిల్పం' అనే జంటను ఏనాడో స్థిరపరచింది. అంగడి వస్తువు, కథావస్తువు అనే ఈ రెండర్థాలూ చాలాకాలం పరస్పరం అడ్డురాకుండా భాషలో పక్కపక్కనే నడిచాయి. వినోదమాధ్యమాలు వ్యాపారంగా ఎదిగిన తరువాత ఒక అర్థం మరొకదానిలోకి ప్రవేశించే మార్గం ఏర్పడింది. వ్యాపారభాషలో దానినే ప్రొడక్ట్ ప్లేస్‌మెంట్ అంటున్నారు.

ఒక సంస్థ డబ్బు గాని, సరకు గాని, ప్రచారసహాయం గాని ఇచ్చి, తన సరకును కథలో భాగంగా కనిపించేటట్లు లేదా వినిపించేటట్లు చేయించుకోవడం ఈ పద్ధతి. విరామంలో వచ్చే ప్రకటనను ప్రేక్షకుడు ప్రకటనగానే గుర్తిస్తాడు. ఇక్కడ అటువంటి గుర్తింపు లేకుండా, పాత్ర చేతిలోని పానీయంగానో నాయకుడెక్కిన వాహనంగానో సరకు అతని ముందుకు వస్తుంది. ఈ వ్యాసం దీనిని 'సరకు ప్రక్షేపం' అని వ్యవహరిస్తుంది. కవి కూర్చిన పాఠంలోకి అన్యప్రయోజనం కోసం బయటినుండి వచ్చి చేరిన భాగాన్ని ప్రక్షిప్తమనడం తెలుగు పాఠపరిష్కరణలో అలవాటైన మాట. కావ్యప్రక్షిప్తం గ్రంథకర్తకు తెలియకుండా చేరుతుంది. సరకు ప్రక్షేపం అతని అంగీకారంతోనే చేరుతుంది. ఈ భేదాన్ని గుర్తుంచుకొంటే ఆ పదం ఇక్కడ ఉపయోగపడుతుంది.

ఈ పద్ధతిపై వచ్చిన రచనలలో ఎక్కువ భాగం వాణిజ్యశాస్త్రానికి చెందినవి. సరకు పేరు ప్రేక్షకునికి గుర్తున్నదా, కొనుగోలు పెరిగిందా అన్నవి వాటి ప్రశ్నలు. సాహిత్యవిమర్శ వేయవలసిన ప్రశ్న వేరు. డబ్బిచ్చి ప్రవేశించిన వస్తువు కథలోని అర్థవ్యవస్థను ఏమి చేస్తుంది? పోషణ వేరు, ప్రక్షేపం వేరు అని ఏ ప్రమాణంతో నిర్ణయించాలి? తెలుగు సాహిత్యచరిత్రలో కృతిపతి సంప్రదాయం సుదీర్ఘమైనది గనుక ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి కావలసిన సామగ్రి ఇక్కడే ఉన్నది.

అవతారికలో వర్తకుడు

శ్రీనాథుని 'హరవిలాసం' ఈ విచారణకు మొదటి ఉదాహరణ. దాని కృతిపతి అవచి తిప్పయసెట్టి వర్తకుడు. అవతారికలో అవచివారి వర్తకాన్ని వర్ణించే సీసపద్యం చరిత్రకారులకు కూడా సుపరిచితం. సింహళం నుండి ఏనుగులు, హురుమంజి నుండి గుర్రాలు, భోటదేశం నుండి కస్తూరి, చీనిదేశం నుండి పట్టువస్త్రాలు దిగుమతి అయిన తీరును ఆ పద్యం సరకు పేరుతో, రేవు పేరుతో చెబుతుంది. రెడ్డిరాజుల కాలపు సముద్రవర్తకానికి దానిని ఆధారంగా చూపుతారు. ఒక వర్తక కుటుంబం ఏ దేశం నుండి ఏ మేలిసరకు తేగలదో చెప్పే పద్యాన్ని నేటి దృష్టితో చూస్తే ప్రకటన అనడానికి అభ్యంతరం ఉండదు.

అయితే ఆ పద్యం ఉన్న చోటును గమనించాలి. అది అవతారికలో ఉన్నది. ఇష్టదేవతాస్తుతి, కవిస్తుతి, కృతిపతి వంశవర్ణన, షష్ఠ్యంతాలు అనే క్రమం తెలిసిన పాఠకునికి ఇక్కడ కవి పోషకునితో మాట్లాడుతున్నాడని, షష్ఠ్యంతాలు ముగిసిన తరువాత కథ మొదలవుతుందని స్పష్టంగా తెలుసు. ఆశ్వాసాల ఆద్యంతాలలో కృతిపతి సంబోధన మళ్లీ వచ్చినా అది గడప దగ్గరి పలకరింపే. పోషణ రహస్యం కాదు. దానికి కావ్యనిర్మాణంలో ఒక నియతస్థానం ఉన్నది.

పోషకుని ప్రభావం అవతారికలోనే ఆగిపోయిందని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. హరవిలాసంలో చిరుతొండనంబి కంచిపుర వర్తకుడు. కృతిపతి కులవృత్తికీ కథానాయకుని వృత్తికీ ఉన్న ఈ సంబంధం పాఠకుని దృష్టిని దాటిపోదు. అయినా ఆ కథను నడిపేది వర్తకవైభవం కాదు. అతిథి కోరిక తీర్చడానికి కన్నబిడ్డను వండవలసి వచ్చిన తల్లిదండ్రుల దారుణమైన పరీక్ష ఆ కథకు కేంద్రం. వర్తకనాయకుణ్ణి కవి అంతటి దుస్సహమైన స్థితిలో నిలబెట్టగలిగాడు. కృతిపతి గౌరవానికి లోబడి ఆ పరీక్షను మెత్తపరచలేదు.

భారతకథ విషయంలో రెండు పోషణల ఫలితాలను పోల్చి చూడవచ్చు. వేములవాడ చాళుక్యరాజు రెండవ అరికేసరి ఆశ్రయంలో, 10వ శతాబ్దిలో పంపకవి కన్నడంలో 'విక్రమార్జునవిజయం' రచించాడు. అందులో పోషకుడైన అరికేసరి అర్జునునితో అభిన్నుడు. పోషకుడు అవతారికను దాటి కథానాయకుని శరీరంలోకి ప్రవేశించాడు. దాని పర్యవసానం కథలో కనిపిస్తుంది. పంపభారతంలో ద్రౌపది అర్జునుని ఒక్కనికే భార్య. కథాంతంలో పట్టాభిషేకగౌరవం కూడా అర్జునునికే దక్కుతుంది. కథలో నాయకునికి జరిగేది పోషకునికి జరిగినట్లే గనుక ఆ పాత్రకు ఇబ్బంది కలిగించే భాగం మారక తప్పలేదు.

సుమారు శతాబ్దం తరువాత రాజమహేంద్రవరంలో నన్నయ భారతాంధ్రీకరణకు పూనుకొన్నాడు. పాండవులు తన వంశకర్తలని రాజరాజనరేంద్రుడు భావించినట్లు అవతారికే చెబుతుంది. పోషకునికి కథతో ఉన్న సంబంధం ఇక్కడ కూడా సన్నిహితమే. అయినా నన్నయ ద్రౌపదిని ఐదుగురికీ భార్యగానే నిలిపాడు. సభాపర్వంలో ధర్మజుడు తమ్ములను, భార్యను, తనను పణంగా ఒడ్డి ఓడిన ఘట్టాన్ని కప్పిపుచ్చలేదు. పోషకుని పూర్వులకు తప్పు చేసే అవకాశం కథలో మిగిలింది. పంపని కవితాశక్తిని ఈ పోలిక ఏమాత్రం తక్కువ చేయదు. పోషకుడు కథలోపలికి వచ్చినప్పుడు అతనికి సంబంధించిన పాత్ర దోషాన్ని మోసే శక్తిని కోల్పోతుందని మాత్రం ఇది నిరూపిస్తుంది. సరకు ప్రక్షేపాన్ని పరీక్షించడానికి ఈ సూత్రమే ఆధారం కాగలదు.

పత్రికాయుగంలోనూ పోషణకు ఇటువంటి సరిహద్దు ఉండేది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారాన్ని స్థాపించాడు. ఆ వ్యాపారంలో ఆర్జించిన ధనం 1908లో ప్రారంభమైన ఆంధ్రపత్రికకు, 1924లో ప్రారంభమైన భారతికి అండగా నిలిచింది. ఆధునిక తెలుగు పరిశోధనకు, కవిత్వానికి, కథకు భారతి చేసిన సేవ ఈనాటి పరిశోధకులకు వివరించనక్కరలేదు. నొప్పిని తగ్గించే ఒక లేపనం ఆ సేవకు ఆర్థికమూలం. భారతి కీర్తి మాత్రం అందులో అచ్చయిన రచనల వల్ల నిలిచింది. వ్యాపారధనం సాహిత్యాన్ని పోషించడమే దోషమైతే ఈ చరిత్రనంతా తిరస్కరించవలసి వస్తుంది. కనుక చర్చ ధనం గురించి కాక, ధనం కథలో ఏ చోటు కోరుతున్నదన్న విషయం గురించి జరగాలి.

రెండు సబ్బులు

చలనచిత్రం పుట్టిన తొలినాళ్లలోనే సరకు తెరపైకి వచ్చింది. 1896లో స్విట్జర్లాండులో స్త్రీలు బట్టలుతికే దృశ్యాన్ని లూమియేర్ సంస్థ చిత్రాలలో భాగంగా తీశారు. ఆ దృశ్యం ముందుభాగంలో సన్‌లైట్ సబ్బు పేరున్న పెట్టెలు కనిపిస్తాయి. దానిని తీయించిన లవాన్షీ క్లార్క్ అటు లూమియేర్ యంత్రానికీ ఇటు ఆ సబ్బుకూ స్విట్జర్లాండులో ప్రతినిధి. బట్టలుతకడం నిజజీవిత దృశ్యం. సబ్బు ఆ పనికి అవసరమైన వస్తువు. పెట్టెలమీది పేరు మాత్రం కెమెరా కోసం అమర్చినది. ఉతికే స్త్రీకి ఆ పేరుతో పనిలేదు. ఆ అక్షరాలు చూసేవారి వైపు తిరిగి ఉన్నాయి.

తెలుగు కవిత్వంలో సబ్బు వేరొక మార్గంలో ప్రవేశించింది. మహాప్రస్థానంలోని 'ఋక్కులు' ఖండికలో శ్రీశ్రీ సబ్బువంటి నిత్యజీవితంలోని అల్పవస్తువులకు కావ్యార్హతను ప్రకటించాడు. కావ్యవస్తువు ఉదాత్తమై ఉండాలన్న నియమాన్ని తొలగించిన ప్రకటన అది. ఆ సబ్బుకు పేరు లేదు. అది ఏ వంటింటి గట్టుమీదనైనా, ఏ బావిదగ్గరనైనా ఉండే సబ్బు. పేరు లేనందువల్లనే అది పాఠకులందరి అనుభవానికి చెందింది.

అల్పవస్తువుకు కావ్యగౌరవం ఇవ్వడమూ, సరకును కథలో పెట్టడమూ పైకి ఒకేలా కనిపించే క్రియలు. రెండూ దినసరి వస్తువును కళలోకి తెస్తాయి. శ్రీశ్రీ దృష్టిలో వస్తువు అంగడి విలువను విడిచి అర్థవిలువను పొందుతుంది. ప్రక్షేపంలో కథ సంపాదించిన అర్థవిలువ తిరిగి అంగడి విలువగా మారుతుంది. ప్రయాణదిశ ఒకచోట బజారు నుండి కవితకు, మరొకచోట కవిత నుండి బజారుకు.

ఈ రెండవ దిశ రేడియోయుగంలో బలపడింది. 1930 దశకంలో అమెరికన్ రేడియోలో గృహిణులను ఉద్దేశించిన ధారావాహికలను సబ్బు, ఉతికేపొడి తయారీ సంస్థలు పోషించాయి. 'మా పెర్కిన్స్' ధారావాహికకు 1933 నుండి ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థ ఆక్సిడాల్ అనే ఉతికేపొడి పేరుతో పోషణ ఇచ్చింది. ఆ సాహిత్యప్రక్రియకు సబ్బు పేరే స్థిరపడి, 'సోప్ ఒపేరా' అనే మాట ప్రపంచమంతా పాకింది. పోషకుని సరకు ప్రక్రియానామంగా మారిన అరుదైన సందర్భం ఇది.

కథకు పనికివచ్చే సరకు

ప్రక్షేపమంతా కథకు అంటని అతుకేనని భావించడం పొరపాటు. 1982లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన 'ఈ.టీ.' చిత్రంలో ఇలియట్ అనే బాలుడు గ్రహాంతరజీవిని మచ్చిక చేసుకోవడానికి మిఠాయి గుళికలను దారి పొడవునా వేస్తాడు. మాటలు కుదరని ఇద్దరి మధ్య తిండి తొలిభాష అవుతుంది. చిత్రనిర్మాతలు మొదట ఎం అండ్ ఎమ్స్ గుళికల కోసం మార్స్ సంస్థను సంప్రదించగా ఆ సంస్థ నిరాకరించింది. హెర్షీ సంస్థ తన రీసెస్ పీసెస్ గుళికలను ఇచ్చి, చిత్రప్రచారానికి 10 లక్షల డాలర్లు వెచ్చించడానికి అంగీకరించింది. చిత్రం విడుదలైన తరువాత ఆ గుళికల అమ్మకాలు బాగా పెరిగాయి. ఈ విజయమే తరువాతి ప్రక్షేపాలకు నమూనా అయింది.

ఈ సన్నివేశంలో మిఠాయికి నిజమైన కథాప్రయోజనం ఉన్నది. దానిని తొలగిస్తే స్నేహానికి మొదటి మెట్టు పోతుంది. కాని మిఠాయి అవసరమైనంత మాత్రాన దాని పేరు అవసరమైందని చెప్పలేము. ఇదే కథకు విలియం కాట్జ్‌వింకిల్ రచించిన నవలారూపంలో గుళికలు ఎం అండ్ ఎమ్స్‌గానే ఉన్నాయి. పేరు మారినా కథకు లోపం రాలేదు. కథకు కావలసింది జాతి, వ్యాపారికి కావలసింది వ్యక్తి. ఏ మిఠాయి అయినా కథకు చాలుతుంది. ఆ ఒక్క మిఠాయే వ్యాపారికి ముఖ్యం.

1999లో సుభాష్ ఘయ్ తీసిన హిందీచిత్రం 'తాళ్'లో నాయికానాయకుల అనురాగసూచనకు కోకాకోలా సీసా సాధనమైంది. ఒకరు తాగిన సీసాలో మరొకరు తాగడం భారతీయ ప్రేక్షకునికి సులువుగా అందే సంకేతం. ఎంగిలిని నిషిద్ధంగా భావించే సమాజంలో ఎంగిలిని కోరి స్వీకరించడం ఆత్మీయతకు పరాకాష్ఠ. శబరి కథను జనం చెప్పుకొనే తీరు ఆ భావానికి చిరపరిచితమైన రూపం. ఇక్కడ ఎంగిలి వ్యంజకం, అనురాగం వ్యంగ్యం. సీసామీది పేరు ఆ వ్యంజనావ్యాపారంలో పాల్గొనదు. సంస్కృతి శతాబ్దాలుగా కూడబెట్టిన ధ్వనిసంపద ఆ పేరుకు అప్పనంగా దక్కుతుంది. సరకు ప్రక్షేపం కొనుగోలు చేసేది తెరమీది చోటునని వ్యాపారులు అంటారు. నిజానికి అది ఇటువంటి ధ్వనిని కొంటున్నది.

ప్రక్షిప్తపరీక్ష – దాని పరిమితి

తొలగించినా సందర్భం చెడనిదాన్ని ప్రక్షిప్తంగా అనుమానించడం పాఠపరిష్కర్తల పద్ధతులలో ఒకటి. ఈ పరీక్షకు 2006లో వెలువడిన 'క్యాథీస్ బుక్' అనే అమెరికన్ కిశోరనవల తగిన ఉదాహరణ. షాన్ స్టీవర్ట్, జోర్డాన్ వైజ్‌మన్ దాని రచయితలు. నవలలో కవర్‌గర్ల్ అలంకరణసామగ్రి ప్రస్తావనలు చేర్చడానికి, బదులుగా ఆ సంస్థ నవలకు ప్రచారం కల్పించడానికి ఒప్పందం కుదిరింది. పిల్లల పుస్తకంలో ఈ పద్ధతి చొరబడినందుకు విమర్శ వచ్చింది. తరువాతి మెత్తని అట్ట ముద్రణలో ఆ ప్రస్తావనలను తీసివేశారు. కథ యథాతథంగా నిలిచింది. అవి ప్రక్షిప్తాలేనని పుస్తకమే నిరూపించింది.

ఈ పరీక్ష చాలదని చెప్పే నవల దానికి ఐదేళ్ల ముందే వచ్చింది. బ్రిటిష్ రచయిత్రి ఫే వెల్డన్ 2001లో ప్రకటించిన 'ది బుల్గారి కనెక్షన్' ఇటలీ నగల సంస్థ బుల్గారి ఇచ్చిన ప్రతిఫలంతో రాసినది. నవలలో తమ పేరు కనీసం పన్నెండుసార్లు రావాలని సంస్థ కోరింది. రచయిత్రి అంతకంటే ఎక్కువసార్లే ప్రస్తావించింది. మొదట పరిమితంగా పంచడానికి ఉద్దేశించిన ఈ రచన తరువాత ప్రముఖ ప్రచురణసంస్థల ద్వారా సామాన్య పాఠకులకు చేరి పెద్ద వివాదానికి కారణమైంది. నవలారంగంలోకి రాకముందు వెల్డన్ ప్రకటనల రచనలో పనిచేసిన వ్యక్తి. ఆ రెండు వృత్తుల మెళకువలూ ఆమెకు తెలుసు.

ఈ నవలలో బుల్గారిని తొలగించడం సాధ్యం కాదు. సంస్థ పేరు శీర్షికలోనే ఉన్నది. భర్తను పోగొట్టుకొన్న గ్రేస్, అతన్ని దక్కించుకొన్న టెలివిజన్ వ్యాఖ్యాత డోరిస్, ఒక చిత్రపటంలో కనిపించే కంఠాభరణంపై డోరిస్ మోహం – ఇతివృత్తం ఈ ముడి చుట్టూ తిరుగుతుంది. ప్రక్షిప్తపరీక్ష ప్రకారం నగ నిర్దోషి. కథాంగంగా ఇమిడిపోయింది గనుక అభ్యంతరం లేదని చెప్పవలసి వస్తుంది. ప్రక్షేపసమర్థకుల ప్రధానవాదం కూడా ఇదే: సరకు కథలో సహజంగా ఇమిడితే దోషం లేదు.

ఇక్కడ నన్నయ–పంపల పోలిక నుండి వచ్చిన రెండవ పరీక్ష అవసరమవుతుంది. దానిని 'దోషసహత్వం' అనవచ్చు. కథలో ఆ వస్తువు చెడిపోగలదా? నవ్వులపాలు కాగలదా? పాత్రకు హాని చేయగలదా? వెల్డన్ నవలలో వ్యంగ్యానికి కొదవలేదు. ధనికుల ఆడంబరం, డోరిస్ దురాశ, వయసుతో ముడిపడిన స్త్రీల భయాలు ఆ వ్యంగ్యానికి గురవుతాయి. ఆ బాణాలన్నీ నగను కోరేవారిమీద పడతాయి. నగ వన్నె తగ్గదు. మపాసా ప్రసిద్ధకథ 'కంఠాభరణం'తో దీనిని పోలిస్తే భేదం స్పష్టమవుతుంది. ఆ కథలో ఎరువు తెచ్చుకొన్న హారం పోతుంది. దానికి బదులివ్వడానికి దంపతులు పదేళ్లు అప్పులు తీరుస్తూ యౌవనాన్ని పోగొట్టుకొంటారు. చివరికి పోయిన హారం నకిలీదని తేలుతుంది. కథాశక్తి అంతా ఆ నకిలీతనంలో ఉన్నది. ఏ నగలసంస్థ అయినా ఆ కథకు ధనమిచ్చి ఉంటే ఆ ముగింపును అనుమతించగలిగేదా? డబ్బిచ్చిన వస్తువుకు నకిలీ అయ్యే హక్కు లేదు. ఆ హక్కు పోతే కథకునికి కొన్ని ముగింపులు శాశ్వతంగా మూసుకుపోతాయి. పాఠంలో రాసి ఉన్న ప్రస్తావనల కంటే ఈ విధంగా రాయలేకపోయిన కథాంశాల నష్టం పెద్దది. లెక్కపెట్టడానికి అందనిది కూడా.

సాధారణీకరణకు భంగం

దోషసహత్వం కథకుని స్వేచ్ఛకు సంబంధించిన ప్రమాణం. రసికుని వైపు నుండి చూస్తే మరొక విఘ్నం కనిపిస్తుంది. భట్టనాయకుడు ప్రతిపాదించి అభినవగుప్తుడు వేరొక పద్ధతిలో స్వీకరించిన సాధారణీకరణ సిద్ధాంతం ప్రకారం, విభావాదులు స్వకీయ పరకీయ సంబంధాలను విడిచినప్పుడే రసాస్వాదం సాధ్యమవుతుంది. రంగంమీది ఉద్యానం తనదో పరులదో అన్న చింత సామాజికునికి ఉండకూడదు. సొంత సుఖదుఃఖాలలో మునిగిపోవడాన్ని అభినవగుప్తుడు రసవిఘ్నాలలో చేర్చాడు.

సరకు ప్రక్షేపం కోరే మానసికస్థితి దీనికి పూర్తిగా వ్యతిరేకం. 'ఇది నాకుంటే బాగుండును' అనే స్వకీయభావం ప్రేక్షకునిలో కలగాలన్నది దాని లక్ష్యం. అందుకు సాధారణీకృతమైన విభావాన్ని వెల, పేరు, అంగడి ఉన్న విశేషవస్తువుగా తిరిగి మార్చాలి. రసం సాగుతున్నప్పుడే రసవిఘ్నాన్ని కల్పించాలి. విఘ్నం మరీ స్పష్టమైతే ప్రేక్షకుడు విసుగుచెందుతాడు. అసలు లేకపోతే వ్యాపారికి ఫలం దక్కదు. ఈ పద్ధతి నైపుణ్యమంతా ఆ రెండింటి మధ్య కొలతలో ఉన్నది.

ఈ విఘ్నాన్నే రసపోషకంగా మలచుకొన్న చిత్రం పీటర్ వీర్ దర్శకత్వంలో 1998లో వచ్చిన 'ది ట్రూమన్ షో'. తన జీవితమంతా ప్రసారమవుతున్న కార్యక్రమమని ట్రూమన్‌కు తెలియదు. అనుమానంతో కుమిలిపోతున్న భర్త ఎదుట నిలబడి భార్య మెరిల్ ఒక కోకోపొడి గుణాలను కెమెరా వైపు చూస్తూ వర్ణిస్తుంది. ఎవరితో మాట్లాడుతున్నావని అతడు దిగ్భ్రమతో అడుగుతాడు. ఆ కోకో మోకోకో అనే కల్పితసరకు. కల్పితం గనుక చిత్రం దానిని భయానకంగా చూపగలిగింది. దాంపత్యసంభాషణ మూడవవాని కోసం జరుగుతున్నదని తెలిసిన క్షణంలో ట్రూమన్‌కు కలిగిన వేదన, కథలో సరకును గుర్తుపట్టిన ప్రేక్షకుని స్వల్పవిసుగుకు పరాకాష్ఠరూపం. మాట ఎదుటివారి కోసం కాదని తెలిస్తే మాటమీద నమ్మకం పోతుంది.

పేరు పెట్టే స్వేచ్ఛ

సరకు పేర్లను సాహిత్యం నుండి బహిష్కరించాలన్న తీర్పు ఈ చర్చనుండి రాదు. వర్తమానజీవితం పేర్లతో నిండి ఉన్నది. డాల్డా ఒక సంస్థ సరకు పేరుగా మొదలై తెలుగులో వనస్పతికే పేరైంది. నేతికి బదులు డాల్డా వాడే ఇంటిని కథకుడు చూపితే ఆ ఒక్క పదంలో ఇంటి ఆర్థికస్థితి, అతిథిమర్యాదలో దాచుకొన్న బిడియం వ్యక్తమవుతాయి. అసలుకు నకలు అన్న అర్థంలో ఆ పదాన్ని ప్రయోగించే స్వేచ్ఛ వాడుకభాషకు ఉన్నది. దోషసహత్వం ఉన్న పేరు సాహిత్యానికి ఎంత పనిచేస్తుందో ఈ ఉదాహరణ చెబుతుంది.

ఈ స్వేచ్ఛకు రెండు వైపులనుండి ఒత్తిడి ఉన్నది. 2010లో విడుదలైన 'దబంగ్' హిందీచిత్రంలోని ఒక పాటలో నర్తకి తనను తాను జండూ బామ్‌తో పోల్చుకొంటుంది. ఆ సరకు యజమాని అయిన ఇమామి సంస్థ తన పేరును అనుమతి లేకుండా వాడినందుకు చిత్రనిర్మాతలకు న్యాయవాది ద్వారా నోటీసు పంపింది. పాట జనాదరణ పొందిన తరువాత వివాదం రాజీతో ముగిసింది. సామాన్యుల వాడుకలో తిరిగే పేరును పాటలో పలకడానికి యజమాని సమ్మతి కావాలా అన్న ప్రశ్న ఇక్కడ తలెత్తింది. డబ్బిస్తే పొగడాలి, ఇవ్వకపోతే పలకరాదు అన్న స్థితి ఏర్పడితే రచయితకు తన కాలాన్ని పేరుపెట్టి చెప్పే మార్గం ఇరుకవుతుంది. అంతేకాక, ప్రక్షేపం విస్తరించినకొద్దీ స్వేచ్ఛగా వాడిన పేరును కూడా పాఠకుడు అనుమానిస్తాడు. వాస్తవికత కోసం రాసిన పేరు అమ్ముడుపోయిన పేరులా కనిపించడం నిజాయితీగల రచయితకు జరిగే అన్యాయం.

చట్టం చూపిన గడప

పోషణను గడప దగ్గర నిలిపే అవతారికాధర్మాన్ని ఆధునిక నియమాలు తమ పద్ధతిలో పునరుద్ధరించడానికి యత్నించాయి. బ్రిటన్‌లో ప్రసారనియంత్రణసంస్థ ఆఫ్‌కామ్ 2011 ఫిబ్రవరి 28 నుండి టెలివిజన్ కార్యక్రమాలలో సరకు ప్రక్షేపాన్ని అనుమతిస్తూ, తెరమీద 'పి' అక్షరచిహ్నం చూపాలని నిర్దేశించింది. భారతదేశంలో 1994 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ నియమావళి ప్రకటనలు కార్యక్రమం నుండి స్పష్టంగా వేరుగా గుర్తించదగినట్లు ఉండాలని చెబుతుంది.

పొగాకు విషయంలో నియమం మరింత కఠినం. 1989 నాటి జేమ్స్ బాండ్ చిత్రం 'లైసెన్స్ టు కిల్'లో లార్క్ సిగరెట్లు కనిపించడానికి ఫిలిప్ మోరిస్ సంస్థ 3,50,000 డాలర్లు చెల్లించింది. చిత్రాంతంలో పొగాకు హానిని గూర్చిన హెచ్చరిక చేర్చవలసి వచ్చింది. భారతదేశంలో 2012 అక్టోబరు 2 నుండి అమలైన నియమాలు పొగాకు దృశ్యాలున్న చిత్రాలలో ఆరంభంలోనూ మధ్యలోనూ ఆరోగ్యహెచ్చరికను, ఆ దృశ్యం నడిచేంతసేపు తెర అడుగున హెచ్చరికవాక్యాన్ని తప్పనిసరి చేశాయి. పొగాకు సరకుల పేర్లు చూపడాన్ని నిషేధించాయి.

ఈ నియమాలు చెల్లింపును వెల్లడి చేయిస్తాయి. ప్రేక్షకుణ్ణి మోసం నుండి కాపాడడానికి అది అవసరం. దోషసహత్వాన్ని మాత్రం ఏ చిహ్నమూ తిరిగి తేలేదు. మూల 'పి' అక్షరం కనిపించినంత మాత్రాన ఆ సరకును కథ నవ్వులపాలు చేయగలదని కాదు. తెలుగు చిత్రాల ఆరంభంలో సంస్థలకు కృతజ్ఞతలు తెలిపే పట్టీలు కూడా అవతారికను తలపిస్తాయి. అవతారిక అక్కడితో ముగుస్తున్నదా, కథంతా సాగుతున్నదా అన్నది విమర్శకుడే పరిశీలించాలి.

ముగింపు

ఔచిత్యభంగానికి మించిన రసభంగహేతువు లేదని ఆనందవర్ధనుడు చెప్పిన సూత్రాన్ని క్షేమేంద్రుడు విస్తరించి, పదం మొదలు ప్రబంధార్థం వరకు ఔచిత్యస్థానాలను నిర్దేశించాడు. నామానికీ ఔచిత్యం ఉన్నదని అతడు చెప్పిన మాట సరకు పేర్ల విషయంలో నేడు కొత్త ప్రయోజనాన్ని పొందుతుంది. కథలోని సరకు పేరును పరిశీలించేటప్పుడు మూడు ప్రశ్నలు వేయవచ్చు. పోషణ గడప దగ్గర వెల్లడి అయినదా? పేరు తొలగిస్తే ధ్వనికి లోటు వస్తుందా? ఆ వస్తువు కథలో దోషిగా నిలవగలదా? మొదటిది నీతికి, రెండవది శిల్పానికి, మూడవది కథకుని స్వాతంత్ర్యానికి సంబంధించినవి. మూడింటిలో చివరిదే నిర్ణాయకం.

తెలుగు సాహిత్యచరిత్ర కృతిపతులను, రాజాస్థానాలను, పత్రికాధిపతులను నమోదు చేసింది. ఏ కావ్యం ఎవరి పోషణలో వచ్చిందో తెలియకుండా దానిని పూర్తిగా వివరించలేమని పరిశోధకులు అంగీకరించారు. చలనచిత్రాలను, ధారావాహికలను, అంతర్జాలకథనాలను అధ్యయనానికి స్వీకరిస్తున్న నేటి తెలుగు శాఖలు ఈ నమోదును వాటికి కూడా వర్తింపజేయవలసి ఉన్నది. తెరపై కనిపించిన సరకుల జాబితా తయారుచేయడం అందులో సులభమైన భాగం. ఏ వస్తువు ఏ కథలో ఎన్నడూ చెడిపోలేదో, ఎవరినీ మోసగించలేదో, ఎవరి నవ్వుకూ గురికాలేదో గుర్తించడం కష్టమైన భాగం. ధర్మజుడు జూదంలో ఓడిన కథను అతని వంశీయుడైన రాజుకే వినిపించగలిగిన భాషలో ఆ పరిశీలనకు కావలసిన ప్రమాణం ఇప్పటికే ఉన్నది.